ఒకే లైనుకు రెండు తీర్పులు: కైబర్ కోడ్‌ను ఓపెన్ సోర్స్ టూల్స్‌తో సైడ్-ఛానెల్ పరీక్షకు పెట్టిన వైనం

ఒక ఫర్మ్‌వేర్ బృందం తమ పరికరంలో వాడుతున్న పోస్ట్-క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్లనూ తట్టుకునేలా రూపొందించిన) కీ మార్పిడి కోడ్‌ను సైడ్-ఛానెల్ దృష్టితో, అంటే పట్టే సమయం, తాగే కరెంటు లాంటి పక్కదారుల్లో రహస్యం బయటపడుతోందా అన్న దృష్టితో, పరిశీలించమని మాకు అప్పగించింది. పరికరంలో ఉన్నది కార్టెక్స్-ఎం4 కోర్ ఉన్న మైక్రోకంట్రోలర్. కోడ్ కైబర్-512, అంటే 2024 ఆగస్టులో ఫిప్స్ 203 పేరుతో అమెరికా ప్రమాణంగా వెలువడిన ఎంఎల్-కెమ్‌కు మాతృక. పరికరాలతో మాట్లాడే సర్వర్‌లోనూ అదే సోర్సును వాడుతున్నారు. కాకపోతే పరికరానికి జీసీసీ అనే కంపైలర్‌తోనూ, సర్వర్‌కు క్లాంగ్ అనే కంపైలర్‌తోనూ కంపైల్ చేస్తున్నారు. సోర్సును 2023 డిసెంబరుకు ముందే కైబర్ రూపకర్తలు విడుదల చేసిన రిఫరెన్స్ కోడ్ నుంచి తీసుకుని తమ రిపాజిటరీలో పెట్టుకున్నారు, ఆ తర్వాత ఆ మూల కోడ్‌లో వచ్చిన మార్పులను దించుకోలేదు. ఈ చివరి విషయానికి ఎంత ప్రాధాన్యం ఉందో మొదట్లో ఎవరూ అనుకోలేదు.

బృందం అడిగిన ప్రశ్న "ఈ కోడ్ సైడ్-ఛానెల్ దాడులను తట్టుకుంటుందా?" అని. ఈ రూపంలో ఉన్న ప్రశ్నకు ఏ టూలూ జవాబు చెప్పదు. పని మొదలుపెట్టే ముందే దాన్ని మూడు ముక్కలుగా విడగొట్టి, లిఖితపూర్వకంగా ఒప్పించుకున్నాం. కంపైలర్ తయారుచేసిన బైనరీలో రహస్యాన్ని బట్టి దారి మారే బ్రాంచి గానీ, రహస్యాన్ని బట్టి మారే మెమరీ చిరునామా గానీ, రహస్యాన్ని బట్టి ఎక్కువ తక్కువ సమయం తీసుకునే ఇన్‌స్ట్రక్షన్ గానీ ఉందా అన్నది మొదటిది. ఆ బైనరీ ఆ చిప్ మీద నడిచినప్పుడు పట్టే సమయం నిజంగానే రహస్యాన్ని బట్టి మారుతోందా అన్నది రెండోది. సమయం మారకపోయినా చిప్ తాగే కరెంటులో రహస్యం కనబడుతోందా అన్నది మూడోది. 1996లో పాల్ కోచర్ సమయం ద్వారా కీ లాగవచ్చని చూపించినప్పటి నుంచీ, 1999లో ఆయనే జాఫ్, జున్‌లతో కలిసి విద్యుత్ వినియోగం ద్వారా అదే పని చేయవచ్చని చూపించినప్పటి నుంచీ ఈ ప్రశ్నలు వేరువేరుగానే ఉన్నాయి. టూల్స్ కూడా ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకే పుట్టాయి. ఒక టూల్ ఇచ్చిన "సరే"ను మరో ప్రశ్నకు జవాబుగా చూపించడమే ఈ రంగంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు.

డీక్యాప్సులేషన్‌లో రహస్యం ఎక్కడ బయటపడుతుంది

డీక్యాప్సులేషన్ అంటే అందిన సైఫర్‌టెక్స్ట్ (గుప్తరూపం) నుంచి రహస్య కీతో ఉమ్మడి కీని రాబట్టడం. అందిన సైఫర్‌టెక్స్ట్‌ను రహస్య బహుపదులతో గుణించి, వచ్చిన 256 గుణకాలలో ఒక్కో దాన్ని ఒక్కో బిట్‌గా గుండ్రం చేస్తే 32 బైట్ల సందేశం వస్తుంది. ఆ సందేశాన్ని మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసి, వచ్చిన సైఫర్‌టెక్స్ట్ అందిన దానితో సరిపోయిందో లేదో చూస్తారు. సరిపోతే అసలు కీ, సరిపోకపోతే వేరే కీ. బయటివాడికి ఏది వచ్చిందో తెలియదు కాబట్టి, అతను కావాలని చెడగొట్టిన సైఫర్‌టెక్స్ట్‌లు పంపినా లాభం లేదు, లోపల జరిగేది లోపలే ఉన్నంత వరకు. మధ్యలో వచ్చే ఆ 32 బైట్ల సందేశంలో ఒక్క బిట్ 0 అయిందా 1 అయిందా అన్న సంగతి బయటికి పొక్కిందంటే, ఆ బిట్ రహస్య కీలోని ఒక గుణకాన్ని బట్టి తేలేలా సైఫర్‌టెక్స్ట్‌ను మలచవచ్చు. అలాంటివి కొన్ని వేలు పంపితే కీ మొత్తం కూడబెట్టుకోవచ్చు.

అందువల్ల మా చూపు రెండు చిన్న ఫంక్షన్ల మీద నిలిచింది. ఒకటి బహుపదిని సందేశంగా మార్చేది, రెండోది సందేశాన్ని బహుపదిగా మార్చేది. రెండూ కలిపి ఒక తెర నిండవు.

మొదటి ఫంక్షన్‌లో ఉన్న భాగహారం

పాత రిఫరెన్స్ కోడ్‌లో గుండ్రం చేసే లైను ఇలా పనిచేస్తుంది: గుణకాన్ని రెట్టింపు చేసి, 1664 కలిపి, 3329తో భాగించి, భాగఫలంలో చివరి బిట్ తీసుకుంటుంది. సీ భాషలో చదివితే ఇందులో బ్రాంచి లేదు, టేబుల్ లేదు. చదివిన వాళ్ళందరూ కాన్‌స్టంట్-టైమ్ (రహస్యం ఏదైనా ఒకే సమయం పట్టేది) అనే అనుకున్నారు, ఏళ్ళ తరబడి.

ఇక్కడ మేము వాడిన మొదటి టూల్ ఆబ్జ్‌డంప్, బైనరీని అసెంబ్లీగా విప్పి చూపించేది. సైడ్-ఛానెల్ టూల్స్ జాబితాల్లో దీని పేరు ఎవరూ రాయరు గానీ, నా దృష్టిలో దీనికి ముందు ఇంకేదీ నడపకూడదు. పరికరంలోకి వెళ్ళే ఫర్మ్‌వేర్ ఫైలునే, అంటే ఎవరో డెస్క్‌టాప్‌లో కట్టిన నకలును కాకుండా ఫ్లాష్‌లోకి ఎక్కించే ఆ ఫైలునే, అసెంబ్లీగా విప్పి, భాగహార ఇన్‌స్ట్రక్షన్లను వెతికాం. జాగా పొదుపు కోసం బృందం ‘ఓ-ఎస్’ ఫ్లాగ్‌తో కంపైల్ చేస్తోంది. ఆ ఫ్లాగ్‌తో జీసీసీ 3329తో భాగహారాన్ని అలాగే ‘యూడివ్’ ఇన్‌స్ట్రక్షన్‌గా వదిలేసింది. అదే సోర్సును ‘ఓ-3’తో కంపైల్ చేస్తే భాగహారం మాయమై గుణకారం, షిఫ్టు కనిపించాయి. సోర్సు చదివి తీర్పు చెప్పడం ఎందుకు కుదరదో ఈ రెండు లిస్టింగులను పక్కపక్కన పెట్టి చూపిస్తే బృందానికి వివరించాల్సిన అవసరమే లేకపోయింది.

కార్టెక్స్-ఎం4 మీద యూడివ్‌కు 2 నుంచి 12 సైకిళ్ళు పడతాయని ఆర్మ్ తన మాన్యువల్‌లోనే రాసింది; లోపలికి వచ్చే సంఖ్యల్లో ముందున్న సున్నాలను బట్టి అది తొందరగా ముగుస్తుంది. మన లైనులో గుణకం 832 లేదా అంతకంటే తక్కువైతే విభాజ్యం 3329 కంటే చిన్నది, భాగఫలం 0. 833 నుంచి 2496 దాకా భాగఫలం 1. ఆ పైన 2. అంటే ఇన్‌స్ట్రక్షన్‌కు పట్టే సమయం రహస్య గుణకం ఎంత పెద్దదో దాన్నే అనుసరించి నడుస్తోంది.

ఇది మేము కనిపెట్టింది కాదు. క్రైస్పెన్ సంస్థకు చెందిన పరిశోధకులు బయటపెట్టిన ఈ లోపాన్ని రిఫరెన్స్ కోడ్‌లో 2023 డిసెంబరులో సరిచేశారు. సైఫర్‌టెక్స్ట్‌ను కుదించే ఫంక్షన్లలో ఉన్న ఇలాంటి భాగహారాలనే ప్రసన్న రవి, మథియాస్ కన్‌విషర్ చూపడంతో అదే నెలలో వాటినీ తీసేశారు. ఈ రెంటికీ కైబర్‌స్లాష్ 1, 2 అని పేర్లు. రాస్ప్‌బెర్రీ పై 2 మీదా కార్టెక్స్-ఎం4 మీదా రెండో లోపంతో నిమిషాల్లో, మొదటి దానితో కొన్ని గంటల్లో కీ బయటికి వస్తుందని వారి ప్రచురణలో ప్రదర్శించారు. సవరణ కూడా చూడముచ్చటగా ఉంటుంది: గుణకాన్ని రెట్టింపు చేసి, 1665 కలిపి, 80635తో గుణించి, 28 స్థానాలు కుడికి జరిపి, చివరి బిట్ తీసుకుంటారు. 2 ఘాతం 28ని 3329తో భాగిస్తే వచ్చే పూర్ణాంకం 80635 కాబట్టి భాగహారం చేసే పనిని గుణకారమే చేసేస్తుంది. ఎం4 మీద ఈ గుణకారం ఒక్క సైకిల్. కార్టెక్స్-ఎం3కి మారితే మాత్రం 64-బిట్ ఫలితాన్నిచ్చే గుణకారాలు ఆపరాండ్లను బట్టి 3 నుంచి 5 సైకిళ్ళు తీసుకుంటాయి కాబట్టి, ఈ తీర్పును చిప్ పేరు లేకుండా రాయకూడదని నివేదికలో నొక్కి చెప్పాం.

వాల్‌గ్రిండ్ చెప్పినదీ చెప్పనిదీ

రెండో టూల్ వాల్‌గ్రిండ్‌లోని మెమ్‌చెక్. మెమరీ తప్పులు పట్టడానికి పుట్టిన ఈ టూల్‌ను రహస్యాల జాడ తీయడానికి వాడవచ్చని 2010లో ఆడమ్ లాంగ్లీ సీటీగ్రైండ్‌తో చూపించాడు. రహస్య బైట్లను ‘విలువ ఇవ్వని మెమరీ’గా గుర్తు పెడితే, వాటి నుంచి పుట్టిన ప్రతి విలువకూ ఆ గుర్తు అంటుకుంటూ పోతుంది, నీళ్ళలో పసుపు కలిపి ఏ బట్టకు రంగు అంటిందో చూసినట్టు. ఆ గుర్తున్న విలువను బట్టి బ్రాంచి తీసుకున్నా, దాన్ని చిరునామాగా వాడినా మెమ్‌చెక్ ఫిర్యాదు చేస్తుంది.

గుర్తు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. కైబర్-512 రహస్య కీ 1632 బైట్లు. మొత్తానికీ గుర్తు పెడితే తెర నిండా ఫిర్యాదులే, అన్నీ పనికిరానివే. కారణం, ఆ 1632లో నిజమైన రహస్య బహుపదులు మొదటి 768 బైట్లు, తర్వాతి 800 బైట్లు పబ్లిక్ కీ, ఆపై 32 బైట్లు దాని హాష్, చివరి 32 బైట్లు తిరస్కరణకు వాడే రహస్య విత్తనం. పబ్లిక్ కీలోని విత్తనం నుంచి మాత్రికను పుట్టించేటప్పుడు 3329నూ అంతకంటే పెద్ద సంఖ్యలనూ పారేసే లూపు ఉంటుంది. అందులో బ్రాంచి ఉండటం సహజం, అది పబ్లిక్ సమాచారం కాబట్టి హాని లేదు. మొదటి 768కీ చివరి 32కీ మాత్రమే గుర్తు పెట్టాక పరికరానికి వాడే ఫ్లాగ్‌లతో డెస్క్‌టాప్‌లో కట్టిన జీసీసీ బిల్డు నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంతో సంబరపడే వీలు లేదు. భాగహారం అక్కడే ఉంది, మెమ్‌చెక్ దాన్ని చూసింది, ఏమీ అనలేదు. ఎందుకంటే భాగహారంలో గుర్తున్న విలువ రావడం మెమరీ తప్పు కాదు. కైబర్‌స్లాష్ పరిశోధకులు వాల్‌గ్రిండ్‌కే ఒక ప్యాచ్ రాసి, సమయం మారే ఇన్‌స్ట్రక్షన్లకు రహస్యం చేరినా ఫిర్యాదు చేసేలా మార్చి, సూపర్‌కాప్ అనే క్రిప్టో కోడ్‌ల సేకరణలోని వెయ్యికి పైగా అమలుల (ఇంప్లిమెంటేషన్ల) మీద నడిపారు. ఆ ప్యాచ్ వేసిన వాల్‌గ్రిండ్‌తో నడపగానే మా బిల్డులోని భాగహారాలు వరుసగా బయటపడ్డాయి. ఎవరైనా ‘వాల్‌గ్రిండ్‌లో క్లీన్’ అని రాస్తే ఏ వాల్‌గ్రిండ్ అని అడగడం అప్పటి నుంచి మాకు అలవాటైంది.

సర్వర్ వైపు బిల్డులో కథ వేరు. సందేశాన్ని బహుపదిగా మార్చే ఫంక్షన్‌లో ప్రతి బిట్‌కూ ఒక మాస్క్ తయారవుతుంది: బిట్ 0 అయితే అన్నీ సున్నాలు, 1 అయితే అన్నీ ఒకట్లు. ఆ మాస్క్‌ను 1665తో ‘అండ్’ చేస్తే గుణకం 0 గానీ 1665 గానీ అవుతుంది. బ్రాంచి రాకూడదనే ఇలా రాశారు. క్లాంగ్ దీన్ని చదివి, "ఇది 0 లేదా 1665 ఎంచుకోవడమే కదా" అని గ్రహించి, కొన్ని ఫ్లాగ్‌ల కింద చక్కగా బ్రాంచిగా మార్చేసింది. రాసినవాడి జాగ్రత్తను కంపైలర్ తెలివి మింగేసింది. పీక్యూషీల్డ్ సంస్థకు చెందిన ఆంతూన్ పుర్నాల్ 2024 జూన్‌లో ఈ సంగతి బయటపెట్టి, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఎంఎల్-కెమ్-512 కీని పది నిమిషాల లోపే రాబట్టి చూపించాడు. బృందం సర్వర్ బిల్డు మీద మెమ్‌చెక్ సరిగ్గా ఆ లైను దగ్గరే, ప్యాచ్ అవసరం లేకుండానే, ఫిర్యాదు చేసింది.

రిఫరెన్స్ కోడ్‌లో వచ్చిన సవరణ, షరతును బట్టి విలువ మార్చే ఆ పనిని వేరే ఫైలులోని చిన్న ఫంక్షన్‌కు తరలించడం. ఫైళ్ళు విడివిడిగా కంపైల్ అయితే కంపైలర్‌కు ఆ సంగతి కనబడదు. లింకు సమయంలో ఆప్టిమైజేషన్ చేసే ఫ్లాగ్ వేస్తే మళ్ళీ కనబడే ప్రమాదం ఉంది. బృందం సర్వర్ బిల్డులో ఆ ఫ్లాగ్ ఉంది. అందుకే సవరణ తెచ్చి ఊరుకోకుండా, వాళ్ళు వాడే ప్రతి కంపైలర్ వెర్షన్‌తోనూ ప్రతి ఫ్లాగ్ జతతోనూ ప్యాచ్ వేసిన మెమ్‌చెక్‌ను ఆటోమేటిక్ బిల్డులోనే పెట్టించాం. ఎంఎల్‌కెమ్-నేటివ్ అనే ఓపెన్ సోర్స్ అమలు ఇదే పద్ధతి పాటిస్తోంది, దాని బిల్డు స్క్రిప్టులు చూసి నేర్చుకోదగినవి.

వాల్‌గ్రిండ్‌కు ఇంకో హద్దు ఉంది. అది మైక్రోకంట్రోలర్ బైనరీని నడపదు. డెస్క్‌టాప్ బిల్డు గురించి అది చెప్పింది పరికరానికి వర్తిస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. బైనరీనే గణితపరంగా విశ్లేషించే బిన్‌సెక్ లాంటి టూల్స్ ఆ లోటు కొంత తీర్చగలవు. ఈ కేసులో ఫంక్షన్లు చిన్నవి కాబట్టి మేము ఆబ్జ్‌డంప్ లిస్టింగును మనిషి కంటితోనే చదివాం.

చిప్ మీద గడియారం

రెండో ప్రశ్నకు డ్యూడెక్ట్. రెపరాజ్, బలాష్, వర్‌బౌవ్‌హెడే 2017లో ప్రచురించిన ఈ టూల్ కొన్ని వందల లైన్ల సీ కోడ్. ఒక తరగతి ఇన్‌పుట్ స్థిరం, రెండో తరగతి యాదృచ్ఛికం. రెండింటినీ కలగలిపి నడిపి, పట్టిన సైకిళ్ళ సగటుల మధ్య తేడాను వెల్ష్ టీ-పరీక్ష అనే గణాంక పద్ధతితో తూస్తుంది. ప్రాసెసర్ నమూనా అక్కర్లేదు, అసెంబ్లీ చదవనక్కర్లేదు. టీ విలువ 10 దాటితే టూల్ అనుమానం వ్యక్తం చేస్తుంది.

ఇన్‌పుట్ తరగతుల ఎంపికలో తెలివి వాడకపోతే డ్యూడెక్ట్ ఏ కోడ్‌నైనా పాస్ చేస్తుంది. సైఫర్‌టెక్స్ట్‌ను యాదృచ్ఛిక బైట్లుగా ఇస్తే లోపల వచ్చే సందేశమూ యాదృచ్ఛికమే. ఆ రెండో తరగతికి సరైన జోడీ, లోపలి సందేశం ఒకే విలువగా వచ్చేలా మలచిన సైఫర్‌టెక్స్ట్. రహస్యం ఎక్కడ కలుస్తుందో ముందే గుర్తించాం కాబట్టి తరగతులను ఆ చోటు చుట్టూ కట్టగలిగాం. సందేశం అంతా సున్నాలయ్యే సైఫర్‌టెక్స్ట్‌లు ఒక వైపు, ఏదో ఒకటి వచ్చేవి మరో వైపు.

పరికరం మీద కొలవడానికి డ్యూడెక్ట్ గణాంక భాగాన్ని ల్యాప్‌టాప్‌లో ఉంచి, సైకిళ్ళ లెక్కను చిప్‌లోని డీడబ్ల్యూటీ కౌంటర్ నుంచి సీరియల్ పోర్టు మీదుగా తెచ్చుకున్నాం. క్లాక్ వేగం ఇక్కడ కీలకం. ఎస్‌టీఎం32ఎఫ్4 లాంటి చిప్‌ను 168 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపితే ఫ్లాష్ మెమరీ వెనకబడి, మధ్యలో వేచి ఉండే సైకిళ్ళు, వాటిని దాచే క్యాష్ కొలతలో కలిసి గజిబిజి చేస్తాయి. కార్టెక్స్-ఎం4 మీద పోస్ట్-క్వాంటమ్ కోడ్‌ల వేగాన్ని కొలిచే పీక్యూఎం4 ప్రాజెక్టు అలాంటి చిప్ మీద తన కొలతలను 24 మెగాహెర్ట్జ్ దగ్గర తీసుకోవడానికి కారణం ఇదే. మేము రెండు వేగాల్లోనూ కొలిచాం: తక్కువ వేగంలో కోడ్ స్వభావం స్పష్టంగా తెలుస్తుంది, పరికరం అసలు వేగంలో దాడిచేసేవాడికి కనిపించేది తెలుస్తుంది. పాత కోడ్ రెండు వేగాల్లోనూ హద్దు దాటింది. సవరించిన కోడ్ రెండింటిలోనూ లోపలే ఉంది. ‘యాదృచ్ఛిక ఆలస్యం కలిపితే చాలదా’ అని సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. అలాంటి ఆలస్యం దాడికి కావలసిన కొలతల సంఖ్యను పెంచుతుంది గానీ సగటుల తేడాను చెరిపేయదని డ్యూడెక్ట్‌తోనే చూపించవచ్చు.

ఇక్కడితో సమయం అధ్యాయం ముగిసింది. ఒప్పందంలో మూడో ప్రశ్న లేకపోతే చాలామంది ఇక్కడే సంతకం పెట్టేస్తారు.

అదే లైను, కరెంటు వైపు నుంచి

మూడో ప్రశ్నకు, చిప్ తాగే కరెంటును కొలిచే చిప్‌విస్పరర్. కెనడాలోని హాలిఫాక్స్‌లో కాలిన్ ఓఫ్లిన్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్‌తో పాటు హార్డ్‌వేర్ డిజైన్లూ బయట ఉన్నాయి. మేము వాడింది లైట్ బోర్డు. లక్ష్యంగా దానికి జతయ్యే ఎస్‌టీఎం32ఎఫ్303, అదీ కార్టెక్స్-ఎం4 కోరే. ఖరీదైన ఆసిలోస్కోప్ లేకుండా ఇది పనిచేయడానికి కారణం క్లాక్‌ను పంచుకోవడం. లక్ష్యం 7.37 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే, బోర్డులోని 10-బిట్ ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) అదే క్లాక్‌కు నాలుగు రెట్ల వేగంతో, దాని అంచులకు కట్టుబడి శాంపిళ్ళు తీస్తుంది. ప్రతి ట్రేస్‌లోనూ (కోడ్ ఒకసారి నడిచినప్పుడు నమోదైన శాంపిళ్ళ వరుసలో) ఒకే సైకిల్ ఒకే స్థానంలో పడుతుంది కాబట్టి ట్రేస్‌లను సర్దుకునే పని దాదాపు ఉండదు.

పరిమితి బఫర్. లైట్ బోర్డులో 24 వేల పైచిలుకు శాంపిళ్ళే పడతాయి, అంటే సుమారు 6 వేల సైకిళ్ళు. డీక్యాప్సులేషన్ మొత్తానికి పట్టేవి లక్షల్లో ఉంటాయి. అందుకే కొలత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్ పిన్‌ను సందేశాన్ని బహుపదిగా మార్చే ఫంక్షన్ ముందు ఎత్తి, తర్వాత దించాం. 256 బిట్ల లూపు ఆ కిటికీలో హాయిగా ఇమిడింది.

పరీక్ష టీవీఎల్‌ఏ, అంటే టెస్ట్ వెక్టర్ లీకేజ్ అసెస్‌మెంట్. 2011లో గుడ్‌విల్, జున్, జాఫ్, రోహత్గి ప్రతిపాదించిన ఈ పద్ధతిలో స్థిర ఇన్‌పుట్ ట్రేస్‌లనూ యాదృచ్ఛిక ఇన్‌పుట్ ట్రేస్‌లనూ ప్రతి శాంపిల్ దగ్గరా టీ-పరీక్షతో పోలుస్తారు, విలువ 4.5 దాటితే లీకేజీ అంటారు. లెక్కకు స్కాలిబ్ వాడాం. రస్ట్‌లో రాసి పైథాన్ నుంచి పిలిచే లైబ్రరీ కాబట్టి ట్రేస్‌లు వస్తూ ఉండగానే టీ విలువను తాజా చేస్తూ పోవచ్చు, అన్నిటినీ డిస్కులో నిల్వ చేయనక్కర్లేదు. చిన్న చిక్కు: చిప్‌విస్పరర్ మామూలుగా ట్రేస్‌ను -0.5 నుంచి 0.5 మధ్య దశాంశాలుగా ఇస్తుంది, స్కాలిబ్‌కు 16-బిట్ పూర్ణాంకాలు కావాలి. క్యాప్చర్ కాల్‌లోనే పూర్ణాంకాలుగా ఇమ్మని అడిగే ఆప్షన్ ఉంది. దశాంశాలను అలాగే పూర్ణాంకాలుగా మారిస్తే అన్నీ సున్నాలై, లీకేజీ ఏమాత్రం లేని బహు అందమైన గ్రాఫు వస్తుంది.

4.5 అన్న అంకెను కూడా గుడ్డిగా తీసుకోకూడదు. ఏ లీకేజీ లేని చిప్‌లో ఒక్క శాంపిల్ దగ్గర టీ ఆ హద్దు దాటే అవకాశం లక్షకు ఒకటి కంటే తక్కువే. కానీ ట్రేస్‌లో 24 వేల శాంపిళ్ళున్నాయి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే ఎక్కడో ఒకచోట హద్దు దాటే అవకాశం సుమారు 15 శాతానికి చేరుతుంది. కాబట్టి ట్రేస్‌లను రెండు స్వతంత్ర సెట్లుగా తీసి, ఒకే శాంపిల్ దగ్గర ఒకే గుర్తుతో రెండింట్లోనూ దాటితేనే లెక్కలోకి తీసుకున్నాం. స్థిర, యాదృచ్ఛిక ఇన్‌పుట్లను వరుసగా కాకుండా కలగలిపి పంపాలి, లేకపోతే చిప్ వేడెక్కడమే లీకేజీలా కనబడుతుంది.

ఇన్ని జాగ్రత్తలు ఈ ట్రేస్‌కు అక్కరలేకపోయింది. లూపులో ప్రతి బిట్ దగ్గరా టీ విలువ హద్దుకు ఎన్నో రెట్లు పైన నిలబడింది, అదీ కొద్దిపాటి ట్రేస్‌లకే. సమయం పరీక్షలన్నీ పాసైన సవరించిన కోడ్ ఇది. కారణం ఆ మాస్కే. బిట్ 0 అయితే రిజిస్టర్‌లో 32 సున్నాలు, 1 అయితే 32 ఒకట్లు. చిప్ విద్యుత్ వినియోగం రిజిస్టర్లలో ఎన్ని బిట్లు తిరగబడ్డాయన్న దాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఒక్క రహస్య బిట్‌ను ముప్పై రెండింతలు పెంచి బయటికి వినిపించే ఏర్పాటును మనమే చేసినట్టయింది. ఆ తర్వాత మెమరీలోకి వెళ్ళే 0, 1665ల మధ్య తేడా నాలుగు బిట్లే. మాస్క్ ముందు అది ఏ మూలకు? బ్రాంచిని తప్పించడానికి రాసిన లైను, కంపైలర్ బారి నుంచి కాపాడి వేరే ఫైలులో పెట్టిన ఆ లైనే, కరెంటు వైపు నుంచి చూస్తే మొత్తం అమలులోకెల్లా బలహీనమైన చోటు. 2020లోనే న్యూహోప్ అనే మరో పోస్ట్-క్వాంటమ్ పథకంలో ఇలాంటి లైను నుంచి ఒక్క ట్రేస్‌తో సందేశం రాబట్టిన ప్రచురణ వచ్చింది, కైబర్ మీదా ఆ దారిలో పనులు సాగాయి.

టీవీఎల్‌ఏ ‘తేడా ఉంది’ అని మాత్రమే చెబుతుంది, ‘కీ వస్తుంది’ అని చెప్పదు. అందువల్ల స్కాలిబ్‌తోనే ప్రతి బిట్‌కూ సిగ్నల్-నాయిస్ నిష్పత్తి లెక్కించి, ఏ శాంపిళ్ళు పనికొస్తాయో ఎంచి, తెలిసిన సందేశాలతో టెంప్లేట్లు (బిట్ 0 అయితే, 1 అయితే కరెంటు ఎలా ఉంటుందో చెప్పే నమూనాలు) కట్టాం. కొత్త ట్రేస్ ఒక్కటి ఇస్తే సందేశం బిట్లు దాదాపు తప్పులేకుండా పలికాయి. ఇది మా బల్ల మీద, షంట్ రెసిస్టర్ వేసిన బోర్డు మీద. బృందం పరికరంలో డీకప్లింగ్ కెపాసిటర్లు, ఇతర భాగాల రొద ఉంటాయి కాబట్టి అక్కడ ట్రేస్‌లు ఎక్కువ కావాలి. ఎక్కువ కావాలన్నది రక్షణ ఉందనడానికి సాక్ష్యం కాదు.

ఇదే పనికి లెడ్జర్ డాంజన్ విడుదల చేసిన లాస్కార్, ఈషార్డ్ విడుదల చేసిన స్కేర్డ్ కూడా ఉన్నాయి. లెక్కలు అవే, ట్రేస్‌లు ఏ ఫార్మాట్‌లో ఉన్నాయన్నదాన్ని బట్టి ఎంచుకుంటే సరిపోతుంది. బోర్డు లేనివారికి యూనికార్న్ ఎమ్యులేటర్ మీద కట్టిన రెయిన్‌బో ఉపయోగపడుతుంది: బైనరీని ఎమ్యులేట్ చేస్తూ రిజిస్టర్ విలువల బిట్ బరువులను ట్రేస్‌గా ఇస్తుంది. మా మాస్క్ లైను దానిలోనూ మొదటి చూపుకే దొరికింది. పైప్‌లైన్ లోపల ఒక విలువ మీద మరొకటి పడడం వల్ల వచ్చే లీకేజీలు అందులో పూర్తిగా కనబడవు. కాబట్టి రెయిన్‌బో ‘ఉంది’ అంటే నమ్మవచ్చు, ‘లేదు’ అంటే బోర్డు దగ్గరికి వెళ్ళాలి.

నివేదికలో ఏం రాశాం

ఒకే మార్కు వేయలేదు. పాత కోడ్‌ను రెండు బిల్డుల నుంచీ వెంటనే తీసేయాలన్నది బేషరతు సిఫారసు. సవరించిన కోడ్‌కు, ఫలానా కంపైలర్ వెర్షన్, ఫలానా ఫ్లాగ్‌లు, ఫలానా చిప్ అని పేర్కొంటూ, సమయం విషయంలో మేము చూసిన పరిధిలో లీకేజీ కనబడలేదని రాశాం. సర్వర్‌కు అది చాలు, డేటా సెంటర్‌లోని యంత్రం కరెంటు తీగకు ప్రోబ్ తగిలించేవాడు వాళ్ళ ముప్పు జాబితాలో లేడు. పరికరం సంగతి అది కాదు. అది వీధి స్తంభానికి వేలాడుతుంది, ఎవరైనా విప్పి ఇంటికి పట్టుకుపోవచ్చు. అందులో ఏళ్ళ తరబడి మారని కీ ఉంది.

రెండు దారులు సూచించాం. మొదటిది ప్రోటోకాల్ మార్పు: పరికరంలో శాశ్వత డీక్యాప్సులేషన్ కీ ఉంచకుండా, ప్రతి సెషన్‌కూ కొత్త కీ జత పుట్టించి ఒకేసారి వాడి పారేయడం. ఒక్క ట్రేస్ దాడి ఆ సెషన్ వరకు మిగులుతుంది, అది నిజమే. కానీ చెడగొట్టిన సైఫర్‌టెక్స్ట్‌లు వేలకొద్దీ పంపి కీ కూడబెట్టే దారి మూసుకుపోతుంది. రెండోది మాస్కింగ్ (పైన చూసిన మాస్క్ వేరు, ఇది వేరు): ప్రతి రహస్య విలువనూ యాదృచ్ఛిక వాటాలుగా విడగొట్టి లెక్కలు చేయడం. కార్టెక్స్-ఎం4 కోసం ఫస్ట్-ఆర్డర్ (రెండు వాటాల) మాస్కింగ్ చేసిన కైబర్ కోడ్ 2022 నుంచీ బహిరంగంగా ఉంది. దాని వేగం, స్టాక్ ఖర్చు తక్కువేమీ కాదు. పైగా తెచ్చి పెట్టగానే పని అయిపోదు: కంపైలర్ రెండు వాటాలను ఒకే రిజిస్టర్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఉంచితే వాటి తేడా కరెంటులోకి వచ్చి మాస్కింగ్ చిల్లుపడుతుంది, సోర్సులో అది కనబడదు. ఆ కోడ్‌ను బృందం బిల్డు వ్యవస్థలో కట్టి మళ్ళీ టీవీఎల్‌ఏ చేయాల్సిందే. నా మొగ్గు మొదటి దారి వైపు. మాస్కింగ్‌ను ఏళ్ళ తరబడి నిలబెట్టుకోవడానికి ఒక మనిషి పూర్తికాలం ఉండాలి, ఆ బృందంలో అలాంటి మనిషి లేరు.

బృందం మొదటి దారి ఎంచుకుంది. ఆటోమేటిక్ బిల్డులో ఇప్పుడు మూడు మెట్లున్నాయి: ఫర్మ్‌వేర్ ఫైలులోని క్రిప్టో ఫంక్షన్లలో భాగహార ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటి కనబడినా బిల్డు ఆగిపోయే స్క్రిప్టు, ప్యాచ్ వేసిన మెమ్‌చెక్, రాత్రిపూట బోర్డు మీద నడిచే డ్యూడెక్ట్. చిప్‌విస్పరర్ కొలతను బిల్డులో పెట్టలేదు. కంపైలర్ వెర్షన్ గానీ చిప్ గానీ మారినప్పుడు, విడుదలకు ముందు, మనిషి కూర్చుని చేయాలని రాసుకున్నారు. లింకు సమయపు ఆప్టిమైజేషన్ ఫ్లాగ్‌ను సర్వర్ బిల్డులో క్రిప్టో లైబ్రరీ వరకు ఆపేశారు.